తలుపు మీద 92, పొరల కింద వేరే నంబరు: ఒక హడ్సన్ హార్నెట్ కేస్ స్టడీ

అమ్మేవాళ్లు చెప్పింది ఇదీ. 1952 హడ్సన్ హార్నెట్ క్లబ్ కూపే (రెండు తలుపుల కారు), నాస్కార్ అనే అమెరికా కార్ల రేసుల సంస్థ తొలి రోజుల్లో హెర్బ్ థామస్ అనే పేరుమోసిన డ్రైవరు నడిపిన కారు, నార్త్ కరోలైనాలో ఒక పల్లెటూరి కొట్టంలో దశాబ్దాలుగా మూలన పడి ఉంటే బయటికి తీశాం అని. రెండు తలుపుల మీదా 92 నంబరు, పక్కల మీద 'ఫ్యాబులస్ హడ్సన్ హార్నెట్' అని పెద్ద అక్షరాలు. అడిగిన ధర మామూలు హార్నెట్ కూపేకి పలికేదానికి ఎన్నో రెట్లు. కొనాలనుకున్నది షార్లట్ దగ్గర ఉద్యోగం చేసుకుంటున్న మన తెలుగు కుర్రాడు. 2006లో వచ్చిన ఒక యానిమేషన్ సినిమాలో హార్నెట్ ముసలి రేసు కారు పాత్రగా కనిపిస్తుంది, దాన్ని పిల్లలతో కలిసి చూసి తనే ఆ కారుకి పడిపోయాడు. డబ్బు కట్టేముందు నన్ను చూడమన్నాడు.

పాత కార్లను కొనకముందు పరీక్షించి, ఏది నిజమో ఏది కాదో రాసివ్వడం నా పని. అందులోనూ రేసుల్లో తిరిగిన పాత కార్లంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. ఈ కేసు పూర్తిగా రాయడానికి రెండువైపులవాళ్లూ ఒప్పుకున్నారు. పేర్లు, ఊరు, పూర్తి సీరియల్ నంబరు మాత్రం ఇవ్వడం లేదు.

ముందు ఆ కారు సంగతి కొంచెం తెలియాలి, లేకపోతే తర్వాత చెప్పేవి అర్థం కావు. హడ్సన్ కంపెనీ 1948 మోడల్ నుంచి ‘స్టెప్ డౌన్’ అని ఒక బాడీ తెచ్చింది. లోపలి ఫ్లోరు ఫ్రేము పట్టీల మధ్యకి దిగి ఉంటుంది, కాబట్టి కారు మొత్తం నేలకి దగ్గరగా ఉంటుంది, మలుపుల్లో ఒరగదు. ఫ్రేమూ బాడీ కలిపి వెల్డ్ చేసిన ఒకే కట్టడం, పైగా ఆ ఫ్రేము వెనక చక్రాలకి బయటి వైపు నుంచి తిరిగి వెళ్తుంది. 1951లో దీనికే 308 క్యూబిక్ అంగుళాల (సుమారు 5 లీటర్ల) ఆరు సిలిండర్ల ఇంజిను పెట్టి హార్నెట్ అన్నారు. 145 హార్స్‌పవర్. అప్పటికి ఓల్డ్స్‌మొబైల్ 88 తన వీ-8 ఇంజినుతో రేసుల్లో రాజ్యమేలుతోంది. మార్షల్ టీగ్ 1951 ఫిబ్రవరిలో డేటోనా బీచ్ మీద హార్నెట్‌తో గెలిచాడు, అక్కడి నుంచి లెక్క మారిపోయింది. 1952లో నాస్కార్ పెద్ద తరగతిలో జరిగిన 34 రేసుల్లో 27 హడ్సన్లే గెలిచాయి. ఆ ఏడు ఛాంపియన్ టిమ్ ఫ్లాక్, మరుసటి ఏడు హెర్బ్ థామస్, ఇద్దరూ హడ్సన్ మీదే. థామస్ నార్త్ కరోలైనాలోని ఒలీవియా అనే చిన్న ఊరివాడు, నంబరు 92. అందుకే ఆ రాష్ట్రంలో ఏ కొట్టంలో హార్నెట్ దొరికినా దానికి 92 అతికించేయాలని చేతులు దురదపెడతాయి.

నా దగ్గరికి వచ్చే ప్రతి రేసు కారు కేసులోనూ మూడు ప్రశ్నలు కలగలిసి ఉంటాయి. కాగితం మీద చెప్పిన మోడలు, సంవత్సరం ఇదేనా? ఇది నిజంగా రేసుల్లో తిరిగిందా? తిరిగితే, ఫలానా డ్రైవరు నడిపిందేనా? అమ్మేవాళ్లు ఒకదానికి రుజువు చూపించి మూడింటికీ డబ్బు అడుగుతారు. ఒక్కోదానికి కావాల్సిన సాక్ష్యం వేరు, ఒకటి రెండోదానికి పనికిరాదు. ఈ కేసంతా ఆ మూడింటినీ విడదీయడమే.

మొదట సీరియల్ నంబరు. ఈ కాలపు హడ్సన్లలో ముందు కుడి తలుపు కీలు ఉండే స్తంభం మీద రేకు ఉంటుంది, కంపెనీ నుంచి వచ్చినప్పుడు అదే నంబరు ఇంజిను బ్లాకు మీద కూడా కొట్టి ఉంటుంది. మొదటి అంకె మోడల్ని, అక్షరం సంవత్సరాన్ని చెప్తాయి. హార్నెట్ అయితే 7. 1951కి ఎ, 1952కి బి, 1953కి సి. కమొడోర్ సిక్స్ అనే మోడల్‌కి 6. ఇది ముఖ్యం, ఎందుకంటే కమొడోర్‌దీ హార్నెట్‌దీ చక్రాల మధ్య దూరం ఒకటే, 124 అంగుళాలు. బాడీ కూడా ఒకటే. కాబట్టి కమొడోర్‌ని హార్నెట్ చేయడం పెద్ద పని కాదు, బ్యాడ్జీలు మార్చి హార్నెట్ ఇంజిను పెడితే చాలు. నేను అలాంటివి చూశాను.

ఇక్కడ రేకు మీద 7ఎ అని ఉంది. అంటే హార్నెటే, కానీ 1951ది. రేకు అంచుల మీదుగా పాత రంగు పొరలు పగలకుండా స్తంభం మీదికి సాగి ఉన్నాయి, కాబట్టి మధ్యలో ఎవరూ ఊడదీసి మార్చలేదని నా నిర్ణయం. అమ్మేవాళ్ల కాగితంలో 1952 అని ఉండటానికి కారణం దురుద్దేశం కాకపోవచ్చు, పాత రోజుల్లో కారు అమ్ముడుపోయిన ఏడాదినే రిజిస్ట్రేషన్‌లో రాసిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ఈ సంగతి చెప్పగానే మన కుర్రాడు డీలా పడతాడనుకుంటే, ఉత్సాహం ఇంకా పెరిగింది. “అన్నా, 1951 అయితే ఇంకా మంచిదే కదా? థామస్ డార్లింగ్టన్ ట్రాకులో సదరన్ 500 రేసు గెలిచింది ఆ ఏడాదే, అదీ హడ్సన్ మీదే!” అన్నాడు. మాట నిజమే. 1951 సదరన్ 500లో 82 కార్లు బయల్దేరాయి, థామస్ హార్నెట్‌తో గెలిచాడు. “తమ్ముడూ, తలుపు తగ్గట్టుగా గది కట్టకు, ముందు ఇంజిను చూద్దాం” అన్నాను.

ఇంజిను బ్లాకు మీద 7సి అని ఉంది. అంటే 1953 హార్నెట్ బ్లాకు.

మామూలు పాత కార్ల వ్యాపారంలో ఇది పెద్ద దెబ్బ. రేకు మీద, ఇంజిను మీద ఒకే నంబరు ఉంటే ధర ఒకలా, లేకపోతే ఒకలా. రేసు కారు విషయంలో నేను దీన్ని తలకిందులుగా చూస్తాను. గంటల కొద్దీ పూర్తి వేగంతో పరిగెత్తించే ఇంజిను ఎక్కువ కాలం బతకదు. పిస్టన్ రాడ్ బయటికి పొడుచుకొస్తుంది, బ్లాకు పగులుతుంది, వచ్చే ఆదివారానికి ఇంకోటి దించుతారు. రెండు సీజన్లు రేసుల్లో తిరిగిందని చెప్పే కారులో పుట్టినప్పటి ఇంజినే ఉంటే నాకు అప్పుడు అనుమానం మొదలవుతుంది. కాబట్టి 7సి బ్లాకు నన్ను నిరుత్సాహపరచలేదు. కాకపోతే ఒక హద్దు గీసింది: ఈ బ్లాకు కారులోకి వచ్చింది 1953 మోడల్ తయారయ్యాకే, 1951 డార్లింగ్టన్‌తో దీనికి ఏ సంబంధమూ లేదు.

బ్లాకు లోపల ఏముందో చూడాలంటే హెడ్, అంటే ఇంజిను పైమూత, విప్పాలి, అమ్మకం కాకముందు విప్పడానికి ఒప్పుకోరు. ఇది సైడ్‌వాల్వ్ ఇంజిను, వాల్వులు సిలిండర్ పక్కన బ్లాకులోనే ఉంటాయి. అందుకని ప్లగ్గులు తీసి, ఆ రంధ్రంలోంచి సన్నటి కెమెరా పంపితే వాల్వుకీ సిలిండర్‌కీ మధ్య ఉన్న చోటు కనిపిస్తుంది. ఆ చోట లోహాన్ని కొంచెం చెక్కి లోతు చేస్తే గ్యాసు సులువుగా పారుతుంది, అది రేసు మెకానిక్కుల పాత పద్ధతి. హడ్సన్ వాళ్లే రేసర్ల కోసం 7-ఎక్స్ అని ఒక ఇంజిను ఇచ్చారు, అందులోనూ ఈ పని ఉంటుంది. ఇక్కడ చెక్కుడు ఉంది, కానీ ఆరు సిలిండర్లలోనూ ఆరు రకాలుగా ఉంది. ఒకదాంట్లో లోతు ఎక్కువ, ఇంకోదాంట్లో గ్రైండర్ జారిన గీత. ఫ్యాక్టరీ పని కాదు, ఎవరో షెడ్డులో కూర్చుని చేత్తో చేశారు. నాకు ఇది చూసి చాలా సంతోషమేసింది, ఎందుకంటే పైకి కనిపించని చోట ఇంత కష్టం పడేది రేసు కోసమే, అమ్మకం కోసం కాదు.

పైకి కనిపించేది మాత్రం వేరు. ఎర్ర ఎయిర్ క్లీనర్లతో మెరిసిపోతున్న ‘ట్విన్ హెచ్ పవర్’, అంటే జంట కార్బ్యురేటర్ల ఏర్పాటు. అమ్మేవాళ్లు దాన్ని పెద్ద రుజువుగా చూపించారు. నిజానికి ఆ సెట్టు ఏ హార్నెట్‌కైనా బిగించుకునేలా అమ్మారు, ఈరోజుకీ హడ్సన్ అభిమానుల దగ్గర దొరుకుతుంది. రిపోర్టులో దానికి ఒక్క వాక్యం ఇచ్చాను. ‘సివియర్ యూసేజ్’ పేరుతో హడ్సన్ ఇచ్చిన గట్టి విడిభాగాలు కూడా అంతే. అప్పటి నిబంధన ప్రకారం రేసు కారులో వాడే భాగం కంపెనీ జాబితాలో ఉండాలి, అందుకే హడ్సన్ వాటిని కఠినమైన వాడకానికి అని పేరు పెట్టి జాబితాలో చేర్చింది. జాబితాలో ఉందంటే పోలీసు శాఖ కొనొచ్చు, రైతు కొనొచ్చు. భాగం ఉన్నంత మాత్రాన రేసు కారు అయిపోదు.

అసలు సాక్ష్యం కారు కింద దొరికింది.

అండాకారపు ట్రాకు మీద కారు ఎప్పుడూ ఎడమకే తిరుగుతుంది. బరువంతా కుడి వైపు, ముఖ్యంగా కుడి ముందు చక్రం మీద పడుతుంది. ఆ రోజుల్లో డ్రైవర్లకి అతి పెద్ద టెన్షన్ కుడి ముందు చక్రమే, హబ్బు విరిగేది, లేదా నట్లు చక్రం రేకులోంచి చీల్చుకుని బయటికొచ్చేవి. కాబట్టి గట్టిపరచే పనులన్నీ కుడివైపే ఎక్కువ. రోడ్డు మీద తిరిగిన కారు రెండువైపులా దాదాపు సమానంగా అరుగుతుంది. మట్టి ట్రాకు మీద తిరిగినది ఒంటి పక్కన అరుగుతుంది, ఒంటి పక్కన బాగు చేయబడుతుంది. నకిలీ చేసేవాడికి ఇది తట్టదు. వాడు రెండువైపులా అందంగా, సమానంగా చేస్తాడు.

ఈ కారులో కుడి ముందు చక్రం లోపలి వైపు, నట్ల రంధ్రాల చుట్టూ దళసరి ఇనుప రేకు కోసి వెల్డ్ చేసి ఉంది. గ్యాస్ కటింగుతో కోసిన అంచు, రాపిడి కూడా సరిగ్గా పెట్టలేదు. మిగతా మూడు చక్రాలకి అది లేదు. కుడివైపు షాకబ్జార్ పక్కనే ఇంకో షాకబ్జార్ బిగించడానికి కట్టిన బ్రాకెట్టు ఉంది, షాకబ్జార్ లేదు. ఎడమవైపు బ్రాకెట్టూ లేదు. ముందు కుడి సీటు దగ్గర ఫ్లోరులో ఒక చదరపు రంధ్రం కోసి, తర్వాత ఎప్పుడో రేకుతో మూసేశారు. 1950లలో కొందరు డ్రైవర్లు అలా ఒక కిటికీ తలుపు లాంటిది పెట్టుకుని, గొలుసుతో పైకి లాగి, నడుపుతూనే కుడి ముందు టైరు ఎంత అరిగిందో చూసుకునేవాళ్లు.

వెనక కమాన్లు, అంటే లారీలకి ఉండే పట్టీల స్ప్రింగుల్లాంటివి, వాటి దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాను. దక్షిణాది రాష్ట్రాల పాత కార్లలో ఒక చిక్కు ఉంది. నాటుసారా రవాణా చేసిన కార్లకీ రేసు కార్లకీ మార్పులు చాలావరకు ఒకటే: గట్టి కమాన్లు, బలమైన ఇంజిను, వెనక సీటు ఉండదు. మనుషులూ చాలాసార్లు వాళ్లే. అసలు నాస్కార్ మొదటి ‘స్ట్రిక్ట్‌లీ స్టాక్’ రేసులోనే ఈ తగాదా వచ్చింది. 1949 జూన్ 19న, షార్లట్ స్పీడ్‌వేలో గ్లెన్ డనవే 1947 ఫోర్డ్‌తో మొదట వచ్చాడు. తనిఖీలో వెనక స్ప్రింగులు మార్చినట్టు తేలింది, సారా కార్లకి చేసే మార్పే అది. గెలుపు రద్దు చేసి, 1949 లింకన్ నడిపిన జిమ్ రోపర్‌కి ఇచ్చారు. కారు యజమాని కోర్టుకి వెళ్లాడు, ఓడిపోయాడు. అంటే ఈ ఆటలో మొదటి ఫలితాన్ని తేల్చింది కారు కింద దూరి చూసిన మనిషి.

సారా కారుకి బరువు డిక్కీ నిండా సమానంగా ఉంటుంది, కాబట్టి అదనపు పట్టీ రెండు కమాన్లకీ వేస్తారు. లేకపోతే కారు ఒరిగిపోయి పోలీసులకి చూపించినట్టే. ఈ హార్నెట్‌లో అదనపు పట్టీ కుడి కమానుకి మాత్రమే ఉంది. ఎడమది కంపెనీ ఇచ్చినట్టే ఉంది. ఇది ఎడమకే తిరగడానికి తయారుచేసిన కారు. రెండో ప్రశ్నకి, అంటే రేసుల్లో తిరిగిందా అన్నదానికి, నా మనసులో జవాబు ఇక్కడే ఖాయమైంది.

లోపల రోల్ బార్, అంటే కారు బోల్తా పడితే డ్రైవరు నలగకుండా కాపాడే పైపు ఉంది, కానీ అది కొత్తది. పైపు మందం అంతటా ఒకేలా ఉంది, వెల్డింగ్ గీత నున్నగా, సమానమైన అలలతో ఉంది. తీగ ఫీడ్ అయ్యే మిగ్ మిషనుతో చేసిన పని, చిన్న షెడ్లలోకి అది 1970ల ముందు పెద్దగా రాలేదు. అమ్మే పెద్దాయన 1990లలో ‘రెస్టొరేషన్’ చేయించినప్పుడు పెట్టించానని తనే చెప్పాడు, దాచలేదు. కానీ దాని పాదాల దగ్గర, ఫ్లోరు మీద, గుండ్రంగా నేలమట్టానికి కోసేసిన పాత పైపు మొదళ్లు ఉన్నాయి. మందపాటి నీళ్ల పైపు, రాడ్డుతో చేసిన ఆర్క్ వెల్డింగ్, గడ్డలు గడ్డలుగా. అందం కోసం పాతది కోసేసి కొత్తది పెట్టారు. ఆ మొదళ్లు మిగలడం అదృష్టం. రెస్టొరేషన్ పేరుతో చెరిపేసే సాక్ష్యం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే తుప్పు కంటే ఎక్కువ నష్టం దానివల్లే జరిగింది.

తలుపులు తెరుచుకోకుండా అప్పట్లో బెల్టులతోనో తాళ్లతోనో కట్టేవాళ్లు, తర్వాత బోల్టులు వేసేవాళ్లు. రంగు మందం కొలిచే మీటరుతో తలుపు వెనక స్తంభాల మీద చూస్తే రెండువైపులా ఒకే ఎత్తులో పుట్టీ నింపిన మచ్చలు కనిపించాయి. లోపలి ప్యానెల్ తీసి వెనక నుంచి చూస్తే అవి బోల్టు రంధ్రాలు. ఫ్లోరులో సీటు బెల్టు కొక్కేల కోసం చేసిన రంధ్రాలు కూడా దొరికాయి. హెడ్‌లైట్ల వెనక వైర్లు కోసి, టేపు చుట్టి ఉన్నాయి, వాటికి పక్కనే కొత్త వైరింగు.

ఇక మట్టి. హడ్సన్ ఫ్రేము పెట్టెలా మూసి ఉంటుంది, లోపలికి వెళ్లింది బయటికి రాదు. వెనక చక్రాల బయటి వైపు నుంచి వెళ్లే భాగంలో ఒక రంధ్రం నుంచి గీకి తీస్తే ఎర్రటి బంకమట్టి వచ్చింది, మన రాయలసీమ చేలల్లో చూసినంత ఎరుపు. డేటోనా బీచ్ ట్రాకులో సగం సముద్రపు ఇసుక మీదే, ఆ ఇసుక ఒక్క రేణువు కూడా లేదు. కుర్రాడు దీన్ని పెద్ద విషయంగా తీసుకున్నాడు, నేను తీసుకోలేదు. ఆ జిల్లాలన్నీ ఎర్రమట్టే, పాలు పోసొచ్చిన కారులో కూడా అదే దొరుకుతుంది. ఇసుక లేకపోవడం కూడా డేటోనాకి వెళ్లలేదని రుజువు కాదు, ఆ తర్వాత ఎన్నిసార్లు కడిగారో. రిపోర్టులో ‘నిర్ధారణకు చాలదు’ అని రాశాను.

ఇప్పుడు మూడో ప్రశ్న, అంటే 92.

తలుపు మీది నంబరూ పక్కల మీది అక్షరాలూ యంత్రంతో కోసిన వినైల్ స్టిక్కర్లు, వాటి మీద క్లియర్ కోట్. రెండూ 1990ల పనే. ఆ కాలంలో నంబర్లు బ్రష్షుతో రాసేవాళ్లు, ఒక తలుపు మీది అంకెకీ రెండో తలుపు మీది అంకెకీ తేడా ఉండేది. అయితే పైన కొత్తది ఉన్నంత మాత్రాన కింద పాతది లేదని కాదు. యజమాని అనుమతితో ఎడమ తలుపు మీద, స్టిక్కరు లేని చోట, నీళ్లు పోసుకుంటూ సన్న ఎమరీ పేపరుతో పొరలు ఒక్కొక్కటిగా తీశాను. పక్క నుంచి లైటు వేసి చూస్తే చెట్టు కాండంలో వలయాల్లా పొరలు కనిపిస్తాయి. కింద కంపెనీ రంగు, దాని మీద ముదురు నీలం, దాని మీద తెల్లటి అంకె అంచు, ఆ పైన పుట్టీ, ప్రైమరు, ఇప్పుడున్న రంగు. అంచు వెంట జాగ్రత్తగా వెళ్తే మొదటి అంకె పూర్తిగా బయటపడింది: 4. రెండో దానిలో కింది వంపు మాత్రమే మిగిలింది, 6 కావచ్చు, 8 కావచ్చు, 0 కావచ్చు. 2 మాత్రం కాదు. తలుపు తీసేసి ఇంకో కారు తలుపు పెట్టారేమోనని కుడి తలుపు మీద కూడా అదే ఎత్తులో చూశాను. అక్కడా నీలమే, అక్కడా 4.

దీంతో 92 కొట్టుకుపోయినట్టేనా? పూర్తిగా కాదు, ఇది నిజాయితీగా చెప్పాలి. ఆ కాలంలో నంబరు డ్రైవరుదో జట్టుదో, ఒక ఫలానా కారుది కాదు. హడ్సన్ల మీద టీగ్‌కి 6, ఫ్లాక్‌కి 91, థామస్‌కి 92. పాత కారు పోయి కొత్త కారు వస్తే నంబరు దాని మీదికి వచ్చేది, వదిలేసిన కారు ఇంకొకరికి అమ్మితే కొత్త నంబరు పడేది. కాబట్టి కింద 4 ఉండటం వల్ల అంతకుముందు 92 ఉండే అవకాశం పోదు. కానీ నీలం కింద నేరుగా కంపెనీ రంగే ఉంది, మధ్యలో ఇంకో అంకె జాడ లేదు. రెండు తలుపుల మీదా లేదు. ఒక నంబరు ఎండలో కొన్నాళ్లు ఉంటే దాని కింది రంగు వెలవదు, చుట్టూ ఉన్నది వెలుస్తుంది, ఆ ఆకారం తర్వాతి పొరల కింద కూడా మిగులుతుంది. ఇక్కడ కంపెనీ రంగు అంతటా ఒకే తీరుగా వెలిసి ఉంది. అంటే నీలం వేసేదాకా ఈ కారు మామూలు కారులా రోడ్డు మీద తిరిగింది.

కాగితాలు పెద్దగా సాయపడలేదు. నేను చూసిన ఆనాటి ఫలితాల పట్టికల్లో డ్రైవరు పేరు, నంబరు, కారు కంపెనీ ఉంటాయి, చాసిస్ నంబరు ఎక్కడా ఉండదు. థామస్ నడిపిన హార్నెట్ ఒకటి మిషిగన్‌లోని ఇప్సిలాంటి ఆటోమోటివ్ హెరిటేజ్ మ్యూజియంలో ఉంది. అతను నడిపిన కారు ఒక్కటే కాదు కాబట్టి, అది అక్కడ ఉండటం ఇక్కడి కారుకి వ్యతిరేక సాక్ష్యం కాదు. ఫ్లోరిడా రాష్ట్ర ఆర్కైవ్స్‌లో డేటోనా బీచ్ రేసుల ఫోటోలు ఉన్నాయి, అందరూ చూడొచ్చు. వాటితో పోల్చి చూశాను, ఈ కారు బాడీ మీది దెబ్బలతో కలిసేవి ఏవీ లేవు.

కలిసిన ఫోటో అమ్మే పెద్దాయన ఇంట్లోనే ఉంది. నేను 92 గురించి కాకుండా ‘మీ ఇంట్లో ఎవరైనా రేసులు నడిపారా’ అని అడిగాను. ఆయనకి వరసకి పెదనాన్న ఒకాయన వారాంతాల్లో దగ్గర్లోని చిన్న మట్టి ట్రాకులో నడిపేవాడట, ఆ సంగతి ఆయన దృష్టిలో చెప్పుకోదగ్గది కాదు. హెర్బ్ థామస్ ముందు ఊరి మెకానిక్ ఏం లెక్క అన్నట్టు మాట్లాడాడు. ఆల్బమ్ తీస్తే నలుపు తెలుపు ఫోటో, ముదురు రంగు హార్నెట్ కూపే, తలుపు మీద తెల్లగా 46, వెనక చక్రాల మీద ఉండే మూతలు తీసేసి ఉన్నాయి.

నంబరు కలవడం ఒక్కటే నాకు చాలదు, 46 నంబరు ఎన్నో కార్లకి ఉంటుంది. ఫోటోలో కుడి వెనక ప్యానెల్ మీద పొడవాటి మడత ఉంది, ముందుకి వచ్చేకొద్దీ పైకి లేచి, చక్రం వంపు దగ్గర రెండుగా చీలుతుంది. కారులో సరిగ్గా అక్కడ, బయట పుట్టీతో నున్నగా ఉన్నా, డిక్కీలోంచి చేయి పెట్టి తడిమితే లోపలి రేకు అదే గీతలో, అదే చీలికతో ఉంది, సుత్తి దెబ్బల గుంటలతో సహా. పై కప్పు అంచున నీళ్లు జారే గాడి ఒకచోట నొక్కుకుపోయి ఉంది, ఫోటోలోనూ అక్కడే. రెండు దెబ్బలూ ఒకే చోట, ఒకే ఆకారంలో ఇంకో కారుకి తగలడం నేను నమ్మను. హడ్సన్ బాడీ ఫ్రేముతో కలిపి వెల్డ్ చేసింది కావడం ఇక్కడ మేలు చేసింది. అదే 1930ల ఫోర్డ్ కూపే అయితే బాడీని ఎత్తి ఇంకో ఫ్రేము మీద పెట్టేయొచ్చు, ఫోటోలో ఉన్నది బాడీ, నంబరు ఉన్నది ఫ్రేము మీద, రెండూ ఒకే కారువని చెప్పడానికి ఇంకా ఎంతో పని ఉండేది.

జిల్లా లైబ్రరీలో పాత వారపత్రికల మైక్రోఫిల్మ్ తిరగేస్తే ఒక శనివారం ఫలితాల్లో ఆ ఇంటిపేరు, పక్కన హడ్సన్ అని దొరికింది. నంబరు వేయలేదు. అయినా 7సి బ్లాకు, కుడివైపు పనులు, ఈ వార్త, అన్నీ 1950ల నడిమి కాలానికే చూపిస్తున్నాయి. అప్పటి పరిస్థితి కూడా దానికి సరిపోతుంది. 1954లో హడ్సన్ నాష్ అనే ఇంకో కార్ల కంపెనీతో కలిసిపోయి అమెరికన్ మోటర్స్ అయింది, డెట్రాయిట్‌లో ఆ కార్ల తయారీ ఆగిపోయింది. 1955లో పెద్ద రేసుల్లో సగానికి పైగా క్రైస్లర్లే ఊడ్చుకుపోయాయి, టిమ్ ఫ్లాక్ ఒక్కడే 18 గెలిచాడు. నిన్నటిదాకా మహారాజులా తిరిగిన హార్నెట్ చవకగా దొరకడం మొదలైంది. చిన్న ట్రాకుల కుర్రాళ్లు నాలుగేళ్ల పాత కూపే కొని, ఇంకో హడ్సన్ నుంచి ఇంజిను పీకి, పైపులు వెల్డ్ చేసుకుని దిగేవాళ్లు. వాటిలో ఎక్కువ భాగం ఆడిఆడి తుక్కుకి పోయాయి, దాచుకోవాలని ఎవరికీ అనిపించలేదు. పెద్ద డ్రైవర్ల కార్లని వెతికేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇలాంటివాటిని ఎవరూ వెతకరు, అందుకే నాకు ఈ కారు ఎక్కువ విలువైనదిగా కనిపించింది, కుర్రాడితో అదే చెప్పాను.

రిపోర్టులో చివరికి రాసింది ఇంతే. సీరియల్ రేకు ప్రకారం 1951 హార్నెట్, రేకు మార్చిన ఆనవాళ్లు లేవు. 1953 హార్నెట్ బ్లాకుతో, మట్టి ట్రాకు కోసం మార్పులు చేసి, 46 నంబరుతో నడిపిన కారు, భౌతిక సాక్ష్యమూ ఫోటో రెండూ దీన్ని బలపరుస్తున్నాయి. హెర్బ్ థామస్‌తో గానీ హడ్సన్ కంపెనీ సాయం పొందిన జట్లతో గానీ సంబంధం ఉందనడానికి ఆధారం దొరకలేదు, పొరల క్రమం దానికి వ్యతిరేకంగా ఉంది.

పెద్దాయన మొదట కోపం తెచ్చుకున్నాడు. 92 అని తనకి అమ్మినవాళ్లూ చెప్పలేదు, రెస్టొరేషన్ చేసినవాళ్లు ‘ఇలా ఉంటే బావుంటుంది’ అని వేశారట, తర్వాత తర్వాత అదే నిజమని ఇంట్లో అందరూ నమ్మేశారు. పెదనాన్న ఫోటోని, డిక్కీ లోపలి మడతని పక్కపక్కన చూపించాక కాసేపు ఏమీ మాట్లాడలేదు, ఆ తర్వాత పెదనాన్న గురించి చెప్పడం మొదలుపెడితే ఆపలేదు. అవన్నీ రికార్డు చేసుకున్నాం. ధర మామూలు హార్నెట్ కూపే కంటే కొంచెం పైన కుదిరింది, ఫోటో అసలు ప్రతి వాళ్ల దగ్గరే, మంచి స్కానింగు కారుతో పాటు.

కుర్రాడు కొన్నాడు. వినైల్ తీయించాడు, కానీ కింద ఉన్న 1990ల రంగుని మొత్తం గీకించవద్దని నేను గట్టిగా చెప్పాను, ఎందుకంటే నీలం పొర చాలా చోట్ల పుట్టీతో పాటే ఊడిపోతుంది. ఇప్పుడు తలుపు మీద నేను తెరిచిన చోటు అలాగే ఉంది, పైన పారదర్శకమైన, మళ్లీ తీసేయగల పూత వేశాం. పాత పైపు మొదళ్ల ఫోటోలు, కొలతలు ఫైల్లో ఉన్నాయి. చలికాలంలో హెడ్ విప్పుతారు, అప్పుడు ఆరు సిలిండర్ల చెక్కుడు అచ్చులు తీసి, ఆయిల్ పాన్‌లో మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకి పోకుండా ఆపే అడ్డురేకులు వేశారో లేదో చూసి రిపోర్టుకి కలుపుతాను.